పద్దెనిమిదో మోత

సొరంగం క్యాంపు
3 సెప్టెంబరు 1972, ఆదివారం

సెకెలా,

ప్రతి ఉత్తరానికీ తలకట్టులా పెట్టే ప్రభువు నామపు వందనాలు ఈసారి పెట్టలేదు. నువ్వు కనిపెట్టే ఉంటావు. పెన్ను పట్టుకుని ఆ మాట దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. నేను క్షేమం. కాళ్ళూ చేతులూ కళ్ళూ అన్నీ ఉన్నాయి. మూడు పూటలా మొక్కజొన్న ఉగాలి ముద్ద తింటున్నాను, బీన్సు తింటున్నాను, రుచి మాత్రం తెలియడం లేదు. ఈ ఉత్తరం నువ్వే చదువుకో. పాస్టరు గారి చేత చదివించకు. కష్టమైన మాట వస్తే ఆగి కూడబలుక్కో. పెళ్ళయిన కొత్తలో నేను సువార్త ముందు పెట్టి నేర్పిన అక్షరాలే కదా, నీకు లొంగుతాయి.

తాన్ మేస్త్రీ పోయాడు. పోయిన నెల ఇరవై నాలుగున, గురువారం.

ఆయన గురించి నీకు ఎన్నిసార్లు రాశానో. దేవుడు లేడనే చైనా నుంచి మన రైలు లైను వెయ్యడానికి వచ్చాడు, వీణ్ణి లైను జాంబియా చేరేలోగా ప్రభువు పాదాల దగ్గరికి చేరుస్తాను అని మొదటి ఉత్తరంలోనే ప్రగల్భాలు పలికాను. ఒకసారి పని మధ్యలో అడిగాను కూడా. "మేస్త్రీ, నువ్వు చచ్చాక ఎక్కడికెళ్తావు?" అన్నాను. ఆయనకి వచ్చిన స్వాహిలీ నాలుగు గుప్పెళ్ళు. అందులో వెతుక్కుని, "సెలవు మీద. ఇంటికి" అన్నాడు. గ్యాంగు అంతా పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారం నరకాగ్ని మీద రెండు గంటలు చెప్పాను.

కానీ సెకెలా, రాయిని తొలచడం నాకు నేర్పింది ఆయనే. మనం చిన్నప్పుడు చూసిన దొరలు గొడుగు కింద నిలబడి వేలు చూపించేవాళ్ళు. ఈయన వేలు ఎప్పుడూ చూపించలేదు. డ్రిల్లు తానే భుజాన పెట్టుకుని ఒక కన్నం వేసేవాడు, నా చేతికిచ్చేవాడు, నేను వంకరగా వేస్తే మళ్ళీ తీసుకుని ఇంకోటి వేసేవాడు. తిట్టు లేదు, అరుపు లేదు. "మెల్లగ, మెల్లగ" అనేవాడు, అంతే. మాతో పాటే మట్టి, మాతో పాటే నీళ్ళు. చక్కెర లేని ఆకుల టీ ఒకటి తాగేవాడు, పసుపచ్చ పువ్వున్న రేకు కప్పులో. మా గ్యాంగులో సాంగా దానికి పశువుల కడుగు అని పేరు పెట్టాడు.

ఇక అసలు సంగతి. తిరిగి చదవకుండా రాసేస్తాను.

సొరంగం ముఖాన పద్దెనిమిది కన్నాలు వేస్తాం. మందు కూరతాం. వత్తులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒక్కోటి ఒక్కో క్షణాన పేలేలా కోస్తాం. అంటించి అందరం బయటికి వచ్చేస్తాం. అప్పుడు ఇద్దరు లెక్కపెట్టాలి, మేస్త్రీ ఒకడు, గ్యాంగు పెద్దనైన నేను ఒకణ్ణి. ఇద్దరికీ పద్దెనిమిది వినబడితే పొగ పోగానే ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళి చూస్తాం. లెక్క కలవకపోతే పేలని తూటా ఒకటి లోపల పడుకుని ఉందని అర్థం. అరగంట దాకా ఎవరూ కదలకూడదు. లెక్క ముందు నేనే చెప్పాలి. అది మేస్త్రీ పెట్టిన పద్ధతి. "లైను మీది. లెక్క ముందు నువ్వు చెప్పు" అనేవాడు. నేను చెప్పాక తను చెప్పి నా భుజం మీద ఒక్క చరుపు చరిచేవాడు.

నేనొక పద్ధతి పెట్టాను. కొత్తలో మా వాళ్ళు మోతకి జడిసి చెట్ల కిందకి పరిగెత్తేవాళ్ళు. అందుకని వత్తి అంటించగానే పాట ఎత్తించేవాణ్ణి. మోతకొక హల్లెలూయ. భయం పోయింది. ముప్పై ఎనిమిది గొంతులు, వెనకాల కొండ. యెరికో గోడలు కూలినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది అనుకునేవాణ్ణి. ఆ గురువారం పాట ఎంత బాగా కుదిరిందంటే నేను కళ్ళు మూసుకున్నాను. రెండో చరణంలో ఎక్కడో లెక్క జారిపోయింది. కళ్ళు తెరిచేసరికి మోతలు ఆగిపోయి ఉన్నాయి. మేస్త్రీ నా వైపు చూస్తున్నాడు.

"పద్దెనిమిది" అన్నాను.

సాతాను నన్ను శోధించలేదు. ఎవరూ చెవిలో ఊదలేదు. రోజూ అనే మాట నోరు అనేసింది. గ్యాంగు ముందు, ఇప్పుడే హల్లెలూయ అన్న నోటితో, తెలియదు అనడానికి నాలుక తిరగలేదు.

ఆయన అంకె చెప్పలేదు. భుజం చరచలేదు. సొరంగం వైపు చూశాడు. ఆ రోజు కొండగాలి విసురుగా ఉంది, పొగ చిటికెలో పోయింది. అంతకు ముందు రెండుసార్లు పొగ ఎక్కువుందని మమ్మల్ని అరగంట కూర్చోబెట్టాడు, మా వాళ్ళు సణిగారు కూడా. ఆ రోజు సణగడానికి పొగే లేదు. మా మనుషుల వైపు చూశాడు. తర్వాత అరచెయ్యి నా రొమ్ము మీద పెట్టి వెనక్కి నెట్టాడు. "కూర్చో. టీ" అన్నాడు. తన కప్పు నా చేతిలో పెట్టి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. నాకు విశ్రాంతి ఇస్తున్నాడనుకున్నాను. కూర్చున్నాను. ఆ చేదు నీళ్ళు రెండు గుక్కలు తాగాను.

అప్పుడు పేలింది. అది పద్దెనిమిదోది.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నీకు చెప్పాను. ఇవాళ ప్రసంగం చెయ్యలేదు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

నీ
అసాజిలె


సొరంగం క్యాంపు
8 అక్టోబరు 1972

సెకెలా,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే ఇది రాస్తున్నాను. ఆగితే నీ మాట చదివి నా మాట మార్చుకుంటానేమో.

మేస్త్రీని ఎలా పాతిపెట్టామో చెప్పలేదు కదూ. గొయ్యి మా గ్యాంగే తవ్వింది. తాతలు ఏ దిక్కు నుంచి వచ్చారో ఆ దిక్కుకి ముఖం పెట్టడం మన ఆచారం. చైనా ఎటు? గొయ్యి దగ్గర పెద్ద తగువు. ఒకడు ఉత్తరమంటాడు, ఒకడు సముద్రం వైపంటాడు. సాంగా పార ఆపి, "సూర్యుడొచ్చే వైపురా గాడిదల్లారా. రోజూ పొద్దున అటు తిరిగే పళ్ళు తోముకునేవాడు. ఇంటి వైపు కాకపోతే అంతసేపు ఎందుకు తోముతాడు?" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. తూర్పుకి తవ్వారు. అప్పుడు క్యాంపు నాయకుడు గువో కాగితం పట్టుకుని వచ్చాడు. సమాధి రైలుదారి వైపు చూడాలని అందులో ఉంది. మళ్ళీ తవ్వారు.

సాంగా కింగా జాతివాడని నీకు తెలుసు. క్యాంపులో వాళ్ళకీ మనకీ వేళాకోళం చుట్టరికం కలిసింది, ఒకరినొకరు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. చైనావాళ్ళనీ అందులో కలుపుకున్నామని వాడే చాటించాడు. చావింట్లో ఆ చుట్టం వేళాకోళం ఆడాలి కదా, ఆడాడు. పెట్టె దింపుతుంటే ఎగిరి ముందుకొచ్చి, "లేవయ్యా పశువుల కడుగు తాగేవాడా, సగం కొండ మిగిలుంది, మాకు అంటగట్టి పడుకుంటావా, సోమరిపోతా!" అని కేకలు పెట్టాడు. మా వాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. చైనావాళ్ళు రాయిలా నిలబడ్డారు. అప్పుడు వాడు నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఎన్ని కన్నీటి బొట్లు పడ్డాయి? లెక్క ముందు నువ్వు చెప్పాలి కదా" అన్నాడు.

అది వేళాకోళమా ఇంకేమైనానా నాకు తెలియదు. నవ్వలేదు. మొహం తిప్పుకున్నాను. ప్రార్థన చెయ్యమన్నారు, చేశాను. ఏం చేశానో గుర్తు లేదు.

నీకు ముందు ఉత్తరం వేసిన మర్నాడు సంతాప సభ. గువో లేచి తప్పు తమదే అన్నాడు. మేము సరిగ్గా నేర్పలేదు, జాగ్రత్తలు చాల్లేదు అన్నాడు. తర్వాత ఇంకో మేస్త్రీ లేచి, కాదు నాది తప్పు, వత్తులు నేను సరిచూడలేదు అన్నాడు. తర్వాత ఇంకొకడు. మొత్తం ఆరుగురు, వరసగా, గుండె మీద చెయ్యి పెట్టుకుని. సెకెలా, మనుషుల చేత పాపం ఒప్పించడానికి పద్నాలుగేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. వర్షంలో నిలబడి, సంతలో నిలబడి, సారా దుకాణం ముందు నిలబడి. ఒక్క కోడి దొంగ ఒప్పుకుంటే పండగ చేసేవాణ్ణి. దేవుడు లేడనేవాళ్ళు ఆరుగురు చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నారు. చేసినవాణ్ణి నేను ముందు బెంచీ మీద కూర్చున్నాను. పెద్దవాణ్ణని బెంచీ వేశారు.

సభ అయ్యాక గువో గదికి వెళ్ళాను. దుబాసీ షావ్‌ని తోడు తీసుకెళ్ళాను. ముప్పై అయిదేళ్ళుంటాయి, కళ్ళద్దాలు, తన ఊళ్ళో బడిపంతులు. మన భాష మనకన్నా శుభ్రంగా మాట్లాడతాడు.

"ఆ రోజు నేను లెక్కపెట్టలేదు. పెట్టానని అబద్ధం చెప్పాను" అన్నాను.

షావ్ నా మొహం చూశాడు. చైనా భాషలో ఏదో చెప్పాడు. గువో లేచి నాకు టీ పోశాడు. ఆయన మాటలు షావ్ ఇలా చెప్పాడు: "పెద్దన్నా, మీరు దుఃఖంలో ఉన్నారు. రెండో లెక్క మా మనిషిది. ఆయన ఒప్పుకోకుండా ఎవరూ లోపలికి పోరు. కనక తప్పు మాదే."

"కాదు. నాది."

"మీకు స్వాతంత్ర్యం వచ్చి ఎన్నేళ్ళు? పదకొండు. అంతకు ముందు ఏది చెడినా బయటివాడు మిమ్మల్ని వేలెత్తి చూపించాడు. ఆ వేలు మేమూ ఎత్తడానికి సముద్రం దాటి రాలేదు. ఎత్తితే మాకూ వాళ్ళకీ తేడా ఏముంది?"

మంచి మాటే. నా జీవితంలో ఇంత గౌరవంగా ఎవరూ నన్ను బయటికి పంపలేదు.

వారం తర్వాత రాజధాని నుంచి మన పార్టీ మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి. ఆయనకీ చెప్పాను. ఆయన తలుపు వేశాడు. "ముసలాయనా, నీకు మతి ఉందా? ఈ లైను వెయ్యలేమని తెల్లవాళ్ళ బ్యాంకులు మన మొహాన తలుపు వేశాయి. వీళ్ళు వేస్తామని వచ్చారు. ఇది వెదురు రైలు అని వాళ్ళ పేపర్లు ఇప్పటికే నవ్వుతున్నాయి. ఆఫ్రికావాడికి పద్దెనిమిది దాకా లెక్క రాదు, చైనావాణ్ణి చంపాడు అని రేపు రాస్తారు. నీ ఒక్కడి మనశ్శాంతికి దేశం మూల్యం కట్టాలా?" అన్నాడు. సంచిలోంచి కాగితం తీశాడు. మేస్త్రీ లెక్కా గ్యాంగు పెద్ద లెక్కా కలిశాయని అందులో రాసి ఉంది. కింద నా పేరు.

సంతకం పెట్టాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

సొరంగం ముందు ఒకసారి, సభలో ఒకసారి, ఆ కాగితం మీద ఒకసారి. మూడు. పేతురు ప్రభువెవరో తెలియదని మూడోసారి బొంకగానే కోడి కూసింది, ఏడ్చాడు, బాగుపడ్డాడు. ఈ క్యాంపులో కోళ్ళన్నీ ఎప్పుడో కూర అయిపోయాయి.

మేమంతా కొత్త తూటాల మీద పని చేస్తున్నాం. పాట ఆపించాను. లెక్క నేనే పెడుతున్నాను, వేళ్ళు మడిచి, ఏ వేలైనా రెండుసార్లు మడిచానేమోనని భయపడుతూ. కొత్త మేస్త్రీ రోజూ నా భుజం చరుస్తాడు.

అసాజిలె


సొరంగం క్యాంపు
10 డిసెంబరు 1972

సెకెలా,

నీ ఉత్తరం అందింది. ఏడు వరసలు. నాలుగుసార్లు చదివాను. నీ వంకర అక్షరాలతో నువ్వు రాసింది నీకే మళ్ళీ రాస్తున్నాను, మర్చిపోయావేమోనని.

"మీరు నాకు చెప్పారు. నాయకుడికి చెప్పారు, పార్టీవాడికి చెప్పారు. చెప్పినవాళ్ళందరికీ దాన్ని మూసిపెట్టడంలో లాభం ఉంది, నాతో సహా. నాకు మీరు కావాలి కనక. లాభం లేని మనిషి ఒక్కతే ఉంది. ఆయన పెళ్ళాం. ఆమెకి రాయండి. ఈ ఒక్క ఉత్తరం గ్రంథం మూసి రాయండి. వాక్యాల చాటున నక్కడం మీకు అలవాటు."

ఇంకెవరైనా ఆ చివరి మాట అని ఉంటే నిలబెట్టి కడిగేసేవాణ్ణి. నువ్వన్నావు కనక ఊరుకున్నాను.

కానీ మాట వినలేదు. షావ్ దగ్గర కూర్చుని స్వాహిలీలో చెప్పాను, ఆయన తన భాషలో రాశాడు. మొదట తమ్ముణ్ణి చంపిన కయీను, తర్వాత ఊరియాని యుద్ధం ముందు వరసకి పంపిన దావీదు, తర్వాత ఆయన పాపం ఒప్పుకున్న యాభై ఒకటో కీర్తన. షావ్ పెన్ను పెట్టేసి, "పెద్దన్నా, ఆమె పత్తి చేలో పనిచేసే మనిషి. దావీదు ఎవరని అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు.

"రాజు. ఒకడి చావుకి కారణమై దాచిపెట్టినవాడు."

"రాజులంటే మా దగ్గర ఇంకా కష్టం."

కొంచెం తగ్గించాను. అసలు మాట మాత్రం సూటిగా చెప్పాను: లెక్కపెట్టలేదు, పెట్టానన్నాను, మీ ఆయన నా మాట నమ్మి లోపలికి వెళ్ళాడు. షావ్ పేజీన్నర రాశాడు. ఆ గీతల్లో ఏ గీత నా అబద్ధమో ఏ గీత తాన్ పేరో నాకు తెలియదు. కింద నా వేలిముద్ర వేశాను, సంతకం మీద నాకు నమ్మకం పోయింది.

ఈస్టరు కూటాలకి నన్ను పిలవమని మన తుకుయు చర్చి సంఘం తీర్మానించిందని రాశావు. నాకు బోధకుడి పట్టా ఇస్తారనీ రాశావు. రాలేనని చెప్పు. కారణం పని అని చెప్పు. అది అబద్ధం కాదు, పని ఉంది. చూశావా, అబద్ధం కానివాటిని ఎలా ఏరుకుంటున్నానో.

ఇక్కడి మనుషులు మొదట్లో అడిగేవాళ్ళు, "పెద్దాయనా, ఆదివారం వాక్యం లేదా?" అని. ఇప్పుడు అడగడం మానేశారు. ఆదివారాలు బట్టలుతుక్కుంటున్నారు. వానలు మొదలయ్యాయి. సమాధి మట్టి కుంగితే మొన్న నింపాం.

అసాజిలె


సొరంగం క్యాంపు
20 మే 1973

సెకెలా,

ఆమె జవాబు వచ్చింది.

అయిదు నెలలు పట్టింది. మేము ఈలోగా సొరంగం అవతలికి తేలాం, పైకప్పుకి సిమెంటు పోస్తున్నాం. షావ్ కవరు పట్టుకుని పని దగ్గరికే వచ్చాడు. ఇద్దరం ఇసక గుట్ట మీద కూర్చున్నాం. సాంగా కొంచెం దూరంలో ఇసక జల్లిస్తున్నాడు. షావ్ ముందు తనలో తను చదువుకున్నాడు. సగంలో ఆగాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఆగావేం?" అన్నాను.

"ఇందులో రెండు మాటలు చదవకుండా వదిలేస్తే మీకు తెలియదు" అన్నాడు.

"తెలియదు."

"అందుకే ఆగాను."

తర్వాత మొత్తం చదివాడు. నాకు గుర్తున్నంత మేర రాస్తున్నాను. ఆమె పేరు యూజెన్.

"దూరదేశపు అన్నగారికి. మీ ఉత్తరం చేరింది. రాత చాలా అందంగా ఉంది. మీ లెక్కా మా ఆయన లెక్కా కలిశాయని, రాయి చేసిన మోసానికి ఎవరూ ఏం చెయ్యలేరని, మన రెండు దేశాల స్నేహంలో ఆయన బతికే ఉంటారని రాశారు. మా ఊళ్ళో అందరికీ చదివి వినిపించారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒక ఎర్ర కాగితం ఇచ్చారు, గోడకి అంటించాను.

"కానీ మా ఆయన చివరి ఉత్తరం నా దగ్గరుంది. అది ఎవరికీ చూపించలేదు. అందులో మీ గురించి ఉంది. మా గ్యాంగు పెద్ద పాట పాడతాడు, గొంతు చాలా మంచిది, పాట మరీ బాగున్న రోజున లెక్క తప్పుతాడు అని రాశారు. రెండుసార్లు అలా అయిందట. అతను తన మనుషులకి గురువు, వాళ్ళ ముందు అతని మాట పడిపోకూడదు, మేము ఇక్కడికి వచ్చింది వీళ్ళు తల దించుకోవడానికి కాదు, కనక పొగ ఎక్కువుందని సాకు చెప్పి అరగంట ఆపాను అని రాశారు. నాకు మా ఆయన మాట మీదే నమ్మకం.

"అన్నగారూ, మీ మీద ఫిర్యాదు చెయ్యను. ఎవరికి చెయ్యాలో కూడా తెలియదు. నాకు ఒక్కటే కావాలి. ఆ రోజు ఆయనకి ఎన్ని వినబడ్డాయి? తెలిసి వెళ్ళారా, తెలియక వెళ్ళారా? తెలియక వెళ్ళారంటే ఏడుస్తాను. తెలిసి వెళ్ళారంటే కోపం తెచ్చుకుంటాను. ఏది చెయ్యాలో తెలియక ఇన్ని నెలలుగా ఏదీ చెయ్యలేదు."

అంతే, సెకెలా. సంతకం.

షావ్ కాగితం మడిచి కవరులో పెట్టాడు. అప్పుడు అన్నాడు, "ఆ అందమైన రాత నాది. మీరు చెప్పింది ఒక్క ముక్క కూడా అందులో లేదు."

"వేలిముద్ర నాదే కదా" అన్నాను. కోపం రావాలి. వెతికాను, లేదు. "ఇవాళ ఎందుకు చదివావు మరి?"

"మీది మార్చినప్పుడు దేశం కోసం అనుకున్నాను. ఆమె దేశం గురించి అడగలేదు. ఎన్ని వినబడ్డాయి అని అడిగింది. దానికి ఏం మార్చాలో నాకు రాలేదు."

మేస్త్రీ అరచెయ్యి నా రొమ్ము మీద ఇప్పుడే పెట్టినట్టుంది. తొమ్మిది నెలలు అది విశ్రాంతి అనుకున్నాను. ఆ గురువారం గాలి వీచింది. పొగ లేదు. ఆయనకి సాకు దొరకలేదు.

లేచి సాంగా దగ్గరికి వెళ్ళాను. సిమెంటు దగ్గరున్న వాళ్ళందరినీ పిలిచాను. ఎప్పుడూ ప్రసంగానికి పిలిచినట్టే పిలిచాను కాబోలు, టోపీలు తీసి నిలబడ్డారు. "టోపీలు పెట్టుకోండి" అన్నాను. చెప్పాను. చిన్న సంగతి, చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. సాంగా జల్లెడ కింద పెట్టాడు.

"పదిహేడు" అన్నాడు. "నేను పాడను కదా, పెద్దాయనా. నాకు గొంతు లేదు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పద్దెనిమిది అన్నావు. రెండు కలిసి పేలాయేమో, దైవజనుడికి వినబడింది ఈ కింగా వెధవకి వినబడలేదేమో అనుకున్నాను. గొయ్యి దగ్గర చెప్పాను. వేళాకోళంలో చెప్తే తగువు రాదు కదా. నువ్వు నవ్వితే మరిచిపోయేవాణ్ణి, కొడితే నిజం చెప్పేవాణ్ణి. నువ్వు మొహం తిప్పుకున్నావు."

వాడిప్పుడు వేళాకోళం ఆడలేదు. నీళ్ళ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళి మళ్ళీ ఇసక జల్లించుకున్నాడు.

ఇది పార్టీవాడికి చేరుతుంది. ఏం చేస్తారో తెలియదు. పంపించేస్తే ఇంటికి వస్తాను. ఉంచితే లైను అయ్యాక వస్తాను. ఎప్పుడు వచ్చినా సంఘం ముందు మొదట ఇదే చెప్తాను, ఆ తర్వాత పట్టా ఇస్తారో బెంచీ చివర కూర్చోబెడతారో వాళ్ళ ఇష్టం. నాకు రెండూ ఒకటే అనిపిస్తోంది. ఎప్పటికైనా వేరు వేరుగా అనిపిస్తే నీకు రాస్తాను.

ఆమెకి జవాబు ఇవాళే రాయించాను. షావ్ రాశాక తిరిగి స్వాహిలీలోకి చెప్పి వినిపించాడు, నేను అడక్కుండానే, రెండుసార్లు. అది కింద రాస్తున్నాను, నీ దగ్గర కూడా ఒకటి ఉండాలి. నువ్వు చెప్పినట్టే గ్రంథం మూసి రాశాను.

నీ
అసాజిలె


యూజెన్ చెల్లెమ్మకి,

ఇంతకు ముందు వచ్చిన ఉత్తరం నాది కాదు. ఇది నాది.

కన్నాలు పద్దెనిమిది. నేను పాట పాడుతున్నాను. కళ్ళు మూసుకున్నాను. లెక్కపెట్టలేదు. మీ ఆయన నా వైపు చూస్తే పద్దెనిమిది అన్నాను. మా గ్యాంగులో పాడనివాడు ఒకడున్నాడు, వాడికి పదిహేడు వినబడ్డాయి.

మీ ఆయనకీ పదిహేడే వినబడ్డాయి. ఆయన అంకె చెప్పలేదు. చెబితే నా మాట మా వాళ్ళ ముందు పడిపోయేది. ఆ రోజు గాలి వీచింది, పొగ ఎక్కువుందని అనడానికి లేకపోయింది. రోజూ ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఆ రోజు నా రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టి, నన్ను కూర్చోమని, ఒక్కడే వెళ్ళారు. కనక తెలిసే వెళ్ళారు. మీరు కోపం తెచ్చుకోవచ్చు. ఆయన మీద తెచ్చుకోవలసింది కొంచెమే. మిగతాది నా మీద.

ఆయన ముఖం రైలుదారి వైపు పెట్టారు. మేము మొదట తూర్పుకే తవ్వాం.

వెళ్ళేముందు ఆయన తన టీ కప్పు నా చేతికిచ్చారు. రేకు కప్పు, పసుపచ్చ పువ్వుంది. నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రెండు గుక్కలు నేను తాగాను. రెండో గుక్క దగ్గర పద్దెనిమిదోది పేలింది. అది మాత్రం నేను లెక్కపెట్టాను.

అసాజిలె మ్వాకిబింగా
గ్యాంగు పెద్ద